పిట్టల పురిటిల్లు



కిందటి వారం పచ్చళ్ళ జాడీలకు బూజు పట్టకుండా ఏం చేయాలో చెప్పుకున్నాం. ఈ వారం వంటింట్లోంచి బయటికేమీ వెళ్ళం గానీ, వంటింటి కిటికీ దాకా వెళ్ళి, అక్కడ నిలబడి పెరట్లోకి చూద్దాం. చేతిలో ఒక కెమెరా ఉంటే మరీ మంచిది. లేకపోయినా ఫరవాలేదు.

"పిట్టల ఫొటోలు తీయడం మన పనేనా? అడవుల్లో తిరిగే మగవాళ్ళ సరదా కదా!" అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు నాకు నలభై ఏడేళ్ళు. ఇంటర్మీడియెట్ తర్వాత పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, పొలం పని, ఇంటి పని. కెమెరా అంటే పెళ్ళిళ్ళలో మన మొహం మీద లైటు వేసేదని తప్ప ఇంకేమీ తెలియదు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మా తమ్ముడు హైదరాబాదు నుంచి వచ్చి మా ఇంట్లో రెండు నెలలు ఉండిపోయాడు. వెళ్ళేటప్పుడు తన పాత కెమెరా, దాంతోపాటు 300 మిల్లీమీటర్ల లెన్సు నా దగ్గరే వదిలేశాడు. "ఊరికే పడి ఉండే బదులు నువ్వు తీస్తుండక్కా" అన్నాడు. అంతే, అలా మొదలైంది.

మా ఊరు మాడుగులపల్లి. నార్కట్‌పల్లి, అద్దంకి రోడ్డు మీద నల్లగొండకూ మిర్యాలగూడకూ మధ్యన ఉంటుంది. ఒకవైపు టోల్‌గేటు, లారీల మోత. ఇంకోవైపు వరి పొలాలు. 1967లో నాగార్జునసాగర్ నుంచి ఎడమ కాలువకు నీళ్ళు వదలక ముందు ఈ నేలలు ఎంత మెట్టగా ఉండేవో మా అత్తమ్మ చెబుతుంది. నీళ్ళొచ్చాక మనుషుల తిండే కాదు, పిట్టల తిండీ మారింది. నాట్ల ముందు దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు వెనకాల తెల్ల కొంగలు వరుస కట్టి నడుస్తాయి. నీళ్ళ మడుల్లో నత్తగుల్ల కొంగలు నత్తలు ఏరుకు తింటాయి. కాలువ మీది కరెంటు తీగ మీద లకుముకి పిట్ట కదలకుండా కూర్చుంటుంది.

మొదటి నెలలో నేను కిటికీ దాటి బయటికి పోలేదు. క్యాలెండరు వెనకవైపు రాసుకుంటూ పోతే, ఒక్క పెరట్లోనే ఇరవై మూడు రకాల పిట్టలు తేలాయి. ఇరవై ఏళ్ళుగా అదే పెరట్లో బట్టలారేస్తున్నాను, గిన్నెలు తోముతున్నాను. అప్పటిదాకా నా లెక్కలో కాకి, పిచ్చుక, గోరింక, చిలుక, కోకిల... అంతే! మందారం మీదికి వచ్చేది తుమ్మెద కాదు, తేనెపిట్ట అని తెలిసింది కూడా ఫొటోలో పెద్దది చేసి చూశాకే.

వంటింటి కిటికీ ఎందుకు మంచిదంటే, పిట్టలు దానికి అలవాటు పడి ఉంటాయి. రోజూ అక్కడ మనం కదులుతూనే ఉంటాం, గిన్నెలు మోగుతూనే ఉంటాయి. బయటికొచ్చి నిలబడితే ఎగిరిపోయే పిట్ట, కిటికీ లోపల మనముంటే పట్టించుకోదు. ఒక పాత ముదురు రంగు చీర కిటికీకి అడ్డంగా కట్టి, లెన్సు పట్టేంత సందు ఉంచుకుంటే సరి. పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉంటుంది, మన పని మనం చేసుకోవచ్చు. ఓపిక కావాలంటారు ఈ పనికి. పాలు పొంగకుండా కాపలా కాసే మనకు ఓపిక కొత్తగా ఎవరైనా నేర్పాలా చెప్పండి!

ఇక వెలుతురు సంగతి. పొద్దున ఎండ మెత్తగా ఉన్నప్పుడు, అంటే సూర్యోదయం నుంచి తొమ్మిది గంటల లోపు, మళ్ళీ సాయంత్రం నాలుగు దాటాక ఫొటోలు బాగా వస్తాయి. సూర్యుడు మన వీపు వైపు ఉండాలి. పిట్ట కంటి మీద ఫోకస్ పెట్టండి. తోక మసకగా ఉన్నా ఫరవాలేదు, కన్ను స్పష్టంగా ఉంటేనే బొమ్మకు ప్రాణం. కూర్చున్న పిట్టకైతే షట్టర్ వేగం సెకనులో ఐదు వందలో వంతు చాలు. ఎగిరేదానికి రెండు వేలో వంతు పెట్టుకోవాలి. తెల్ల కొంగను మిట్ట ఎండలో తీస్తే సున్నం ముద్దలా వస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి. కాకినీ, కోకిలనూ తీసేటప్పుడు కొంచెం పెంచండి, లేకపోతే మసిబొగ్గులా కనిపిస్తాయి.

పాలపిట్ట సంగతి చెప్పకపోతే ఎలా? 2014లో తెలంగాణ వచ్చాక మన రాష్ట్ర పక్షి అయింది. కూర్చున్నప్పుడు చూస్తే అంత పెద్ద అందమేమీ కనిపించదు. రెక్క విప్పిందంటే చాలు, ఆ నీలాలు ఏ పట్టుచీర అంచుకూ రావు! దసరా నాడు దాన్ని చూస్తే శుభమని మనందరి నమ్మకం. ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకోవడానికి కొందరు దాన్ని పట్టి, పంజరంలో పెట్టి, ఇంటింటికీ తిప్పి డబ్బులు అడుగుతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. మా ఇంటి ముందుకు ఎవరైనా తెస్తే నేను చూడను, డబ్బులివ్వను. తీగ మీద స్వేచ్ఛగా ఉన్నదాన్ని చూస్తేనే దర్శనం, కాళ్ళు కట్టేసినదాన్ని చూస్తే దర్శనమెలా అవుతుంది?

మీకు ఇంకో సంగతి చెబుతాను. పిట్టల మీద పెద్ద పేరున్న సలీం అలీగారు 1931-32లో మన హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. మన నల్లగొండ అప్పుడు నిజాం రాజ్యంలోదే. ఆ రోజుల్లో ఫలానా పిట్ట అని గట్టిగా చెప్పాలంటే తుపాకితో కొట్టి, చేతిలోకి తీసుకుని, ఈకలూ ముక్కూ కొలవవలసిందే. ఇప్పుడు ఆ పని కెమెరా చేస్తోంది. పిట్ట తన దారిన తాను ఎగిరిపోతుంది, దాని గుర్తు మన దగ్గర ఉంటుంది. కెమెరా తుపాకీ కంటే ఎంతో నయం కదా అనుకునేదాన్ని. నా చేతిలోనే అది తుపాకీ పని చేసిందని చెప్పడానికే ఈ వారం ఈ పేజీ రాస్తున్నాను.

2021 ఎండాకాలం. మా మల్లెపందిరిలో పికిలిపిట్టలు గూడు కట్టాయి. నల్ల తల, తోక కింద ఎర్ర మచ్చ, మీరూ చూసే ఉంటారు. మూడు పిల్లలు. అమ్మ వచ్చీ రాగానే మూడు నోళ్ళు ఎర్రగా తెరుచుకునేవి. అవి ఎప్పుడు చూసినా ఆకుల చాటునే ఉండేవి. ఫొటోలో ఆకులే పడుతున్నాయి తప్ప పిల్లలు పడటం లేదు. రెండు రోజులు చూశాను. మూడో రోజు పొద్దున తల్లి బయటికి వెళ్ళిన సమయం చూసి, గూటికి అడ్డమొస్తున్న రెండు తీగలను పక్కకి లాగి, ఊలు దారంతో పందిరి గుంజకు కట్టేశాను. ఆకులేవీ తెంపలేదు కదా, కాసేపాగి విప్పేద్దాం కదా అనుకున్నాను.

ఫొటో అద్భుతంగా వచ్చింది. తల్లి నోట్లో పురుగు, పిల్లల నోళ్ళు, వెనకాల పొద్దుటి ఎండ! మా చుట్టాల గ్రూపులో పెడితే ఒకటే మెచ్చుకోళ్ళు. మా ఆడపడుచు ఫోన్ చేసి "వదినా, నీలో ఇంత కళ ఉందా!" అంది. ఆ సంబరంలో దారం విప్పడం మర్చిపోయాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక కునుకు తీశాను. కాకుల గోల వినిపించి లేచి వెళ్ళేసరికి గూడు ఒక పక్కకి ఒరిగి ఉంది. పిల్లలు లేవు. రెండు పికిలిపిట్టలూ పందిరి చుట్టూ తిరుగుతూ సాయంత్రం దాకా అరుస్తూనే ఉన్నాయి.

మా అత్తమ్మ పందిరి దగ్గరికొచ్చి, దారం చూసింది, నన్ను చూసింది. ఏమీ తిట్టలేదు. "పురిటింటి తలుపు తీసి పెడితివి గదనే బిడ్డా" అంది, అంతే.

తిట్టినా బాగుండేది. ఆ ఫొటో గ్రూపులోంచి తీసేశాను. మూడు నెలలు కెమెరా ముట్టలేదు. మా ఆయన "కాకులు ఎన్ని గూళ్ళు ఖరాబు చేస్తలేవు, ఊకో" అన్నారు. నిజమే, చేస్తాయి. ఆ గూటికి దారి చూపించింది మాత్రం నేనే. ఆకులు అడ్డమొస్తున్నాయని నేననుకున్నాను. ఎండకూ, కాకి కంటికీ అవే అడ్డం అని తెలుసుకోలేదు. తర్వాత తెలిసింది, మన చట్టంలో పక్షి గూటినీ, గుడ్లనూ కదిలించడం కూడా వేట కిందికే వస్తుందని. గూళ్ళ ఫొటోలను చాలా పోటీల వాళ్ళు తీసుకోకపోవడానికి కారణం కూడా ఇదే.

తర్వాత మా అమ్మాయి పురిటికి సింగపూరు వెళ్ళవలసి వచ్చింది. అల్లుడికి అక్కడ ఉద్యోగం. వాళ్ళుండేది తూర్పు వైపున పాసిర్ రిస్ అనే చోట. సూట్‌కేసులో నెయ్యి, సొంఠి, కరివేపాకు పొడి సర్దుతుంటే మా అత్తమ్మే తెచ్చి కెమెరా నా చేతిలో పెట్టింది. "తీస్కపో. ఈసారి తలుపు దగ్గరికి పోకు" అంది.

సింగపూరు భూమధ్యరేఖకు దగ్గరలోనే ఉంటుంది. ఏడాదంతా ఉక్కపోత, రోజు విడిచి రోజు వాన. ఏ నెలలోనైనా తెల్లవారేది ఏడింటికే. అక్కడ నేను నేర్చుకున్న మొదటి పాఠం, ఏసీ గదిలోంచి కెమెరా తెచ్చి బయట పెట్టగానే లెన్సంతా ఆవిరి పట్టేస్తుంది. చల్లటి సీసాకి చెమట పట్టినట్టన్నమాట. బయటికెళ్ళే అరగంట ముందు కెమెరాను సంచిలోంచి తీయకుండానే బాల్కనీలో పెట్టాలి. వాన కోసం తలస్నానపు ప్లాస్టిక్ టోపీ ఒకటి సంచిలో ఉంచుకోండి. కెమెరాకి అంతకన్నా మంచి గొడుగు లేదు! తేమకు లెన్సు లోపల బూజు పడుతుంది, పచ్చడికి పట్టినట్టే. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో దాచుకోండి. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి, పొడి చేరుతుంది.

కిటికీ తీస్తే కోకిల కూత! మనూరి కోకిలే. అంత దూరదేశంలో ఆ కూత వినేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పసుపు రంగు వంగపండు పిట్టలు ఫ్లాట్ల మధ్య చెట్ల మీద ఎగురుతుంటాయి. అసలు విశేషం మాత్రం హార్న్‌బిల్. నలుపూ తెలుపూ ఒళ్ళు, పెద్ద పచ్చటి ముక్కు, దాని మీద ఇంకో ముక్కు బోర్లించినట్టు ఒక టోపీ. సింగపూరులో ఈ పక్షి వందేళ్ళకు పైగా కనిపించకుండా పోయింది. 1994లో పులావ్ ఉబిన్ అనే చిన్న దీవిలో ఒక జంట మళ్ళీ కనిపించింది. పెద్ద తొర్రలున్న ముదురు చెట్లు లేక గూళ్ళకు చోటు చాలదని, 2004 నుంచి అక్కడివాళ్ళు చెట్లకు పెట్టెలు కట్టి పెట్టారు. ఇప్పుడు ఊళ్ళోనే, పార్కుల్లోనే తిరుగుతున్నాయి.

వాటి పురుడు ఎలా ఉంటుందో తెలుసా? ఆడపక్షి చెట్టు తొర్రలోకి వెళ్ళి, గుమ్మాన్ని బురదతోనూ, రెట్టతోనూ, పళ్ళ గుజ్జుతోనూ లోపలి నుంచి మెత్తేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుకుంటుంది. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలు పెద్దవయ్యేదాకా వారాల తరబడి లోపలే. మగపక్షి రోజంతా పళ్ళూ, పురుగులూ తెచ్చి ఆ సందులోంచి అందిస్తూ ఉంటుంది. ఇంట్లో మా అమ్మాయి పసిదాన్ని పక్కలో వేసుకుని పడుకుని ఉండేది. అల్లుడు ఆఫీసు నుంచి వస్తూ కూరగాయలు, పండ్లు తెచ్చి గుమ్మంలో పెట్టేవాడు. ఎక్కడైనా పురుడు పురుడే అనిపించింది.

ఒకరోజు పొద్దున పాలకని బయల్దేరి పార్కు వైపు వెళితే, ఒక చెట్టుకు దూరంగా పదిమంది నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి దగ్గర మోచేతంత లెన్సు. ఆ చెట్టుకు గూడుందట. ఎవరూ ముందుకు పోవడం లేదు. ఎవరూ ఫ్లాష్ వేయడం లేదు. నా చిన్న లెన్సుకు అంత దూరం నుంచి ఏమీ పడదు. నేను నాలుగడుగులు ముందుకేశాను. పక్కనున్న ఒక పెద్దావిడ నా చెయ్యి మెల్లగా పట్టుకుని తల అడ్డంగా ఊపింది. భాష తెలియదు కానీ మా అత్తమ్మ చూపే అది! నాలుగడుగులూ వెనక్కి వేశాను. కాసేపటికి మగపక్షి పండు నోట కరుచుకుని వచ్చింది. నా ఫొటోలో అది వేలిగోరంత నల్లమచ్చ. దాన్నే పెద్దది చేయించి మా హాల్లో పెట్టుకున్నాను. వచ్చినవాళ్ళు "ఇదేంటి, ఏమీ కనిపించడం లేదు" అంటారు. కనిపించకపోవడమే దాని గొప్పతనమని నేను చెప్పను, నవ్వి ఊరుకుంటాను.

మన దగ్గర ఇలాంటి మర్యాద లేదనుకునేరు! గుంటూరు దగ్గర ఉప్పలపాడు అని ఒక ఊరుంది. ఊరి చెరువులో చెట్లనిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. వాటి అరుపులూ, రెట్టల వాసనా భరిస్తూ, వాటి జోలికి ఎవరినీ పోనివ్వకుండా ఆ ఊరివాళ్ళు కాపాడుతున్నారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ అంతే. పిట్టలు రాకపోతే ఊరికి మంచిది కాదని అక్కడివాళ్ళ నమ్మకం. అస్సాంలో హర్గిలా అనే పెద్ద కొంగను అందరూ అసహ్యించుకుని గూళ్ళున్న చెట్లు నరికేస్తుంటే, పూర్ణిమా దేవి బర్మన్ అనే ఆవిడ ఊళ్ళలోని ఆడవాళ్ళనే కూడగట్టింది. వాళ్ళు ఆ కొంగ బొమ్మలను చీరల మీద నేశారు. ఆ పనికి ఆమెకు 2017లో విట్లీ అవార్డు వచ్చింది. ఆ ఆడవాళ్ళంతా మనలాంటి గృహిణులే.

ఇక మా ఇంటి సంగతితో ముగిస్తాను. మా పొలంలో పాత బావి గట్టు మీద ఒక ఈత చెట్టు బావిలోకి వంగి ఉంటుంది. వానలు పడగానే దాని మట్టలకు గిజిగాళ్ళు గూళ్ళు కడతాయి. మగపిట్ట సగం గూడు అల్లి ఆడపిట్టకు చూపిస్తుంది. నచ్చకపోతే అది ఒప్పుకోదు, ఇంకోటి మొదలుపెట్టాల్సిందే. ఇల్లు చూసి పిల్లనిచ్చే మన పద్ధతి లాంటిదే! కిందటి శ్రావణంలో మా ఆయన ఆ చెట్టు కొట్టించేద్దామన్నారు. వరికోత మిషన్ తిరగడానికి అడ్డమవుతోందట. మిషన్‌కు గంటల లెక్కన డబ్బులు కట్టాలి, ఆయన మాటలోనూ న్యాయముంది.

నేను వాదించలేదు. బావికి ఇవతలి ఒడ్డున నిలబడి నెల రోజుల్లో తీసిన ఫొటోలు నలభై, వరసగా చూపించాను. ఒక్క పోగు దగ్గర్నుంచి నిండు గూటి దాకా. ఆయన చాలాసేపు చూసి, "గిది రోజూ మన కళ్ళ ముందటే అయితుందా?" అన్నారు. తర్వాత "పిట్టలు పొయినంక చూద్దాం తియ్" అన్నారు. కోతలప్పుడు మిషన్‌ను అవతలి మడిలోంచి తిప్పించారు. అరగంట ఎక్కువ పట్టింది, ఆ డబ్బులు నా పాల లెక్కలోంచి ఇచ్చాను. చెట్టు ఈ ఏడాదికి నిలిచింది. వచ్చే ఏడాది మళ్ళీ మాట్లాడుకోవాలి. గిజిగాళ్ళు పాత చెట్టునే వెతుక్కుంటూ వస్తాయి మరి, అందుకని ఈసారి ఫొటోలు ఇంకా ఎక్కువ తీసి పెట్టుకోవాలి.

మొన్న వేసవిలో మల్లెపందిరిలో పికిలిపిట్టలు మళ్ళీ గూడు కట్టాయి. కెమెరా బీరువాలో పెట్టి తాళం వేశాను. పిల్లలు ఎగిరిపోయాక, ఖాళీ గూటిని మాత్రం ఒకే ఒక్క ఫొటో తీశాను.

గుర్తుంచుకోండి:

* గూడు కనిపిస్తే దగ్గరికి వెళ్ళకండి. ఆకులు పక్కకి తీయడం, కొమ్మలు కట్టడం అసలే వద్దు. మీ తచ్చాట చూసే కాకీ, పిల్లీ దారి తెలుసుకుంటాయి.

* పిట్ట మీవైపే చూస్తూ అరుస్తుంటే, నోట్లో మేత పెట్టుకుని కూడా గూటికి పోకుండా ఆగిందంటే, మీరు మరీ దగ్గరగా ఉన్నట్టే. వెనక్కి రండి.

* ఫోనులో పిట్ట కూత వినిపించి దాన్ని పిలవకండి. వేరే పిట్ట తన చోటులోకి వచ్చిందనుకుని కంగారు పడుతుంది.

* ఎండాకాలంలో వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్ళు, లోతు తక్కువగా, నీడలో పెట్టండి. రోజూ కడిగి మార్చండి, లేకపోతే దోమలు చేరతాయి.

* గూడున్న చోటు అందరికీ చెప్పకండి. ఫొటో చూపించండి, చోటు దాచండి.

* కెమెరా లేనివాళ్ళు ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, పిట్ట రంగు, ఏం తింటోంది అని రాసుకుంటే చాలు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతా ఇళ్ళ దగ్గరి పిట్టలను లెక్కపెడతారు. పదిహేను నిమిషాలు పెరట్లో కూర్చుంటే మన లెక్క కూడా అందులో చేరుతుంది.

మీ వంటింటి కిటికీలోంచి ఏ పిట్ట కనిపించిందో నాకు రాయండి. వచ్చే వారం ఉసిరికాయల కాలం కదా, నిలవ ఉసిరి తొక్కుతో కలుద్దాం. అంతవరకూ సెలవు!